పెరటి గ్రౌండు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు పెద్దలు. మరి పెరటి గ్రౌండు ఆటకి పనికొస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడానికి మా బావమరిదికి ఓ ఏడాదీ, నాలుగు లక్షల రూపాయలూ పట్టాయి. నాకు మాత్రం కొన్ని ఆదివారాలు పోయాయి, అంతే. అందుకని మీకు ఉచితంగా చెప్పేస్తున్నాను.

మా బావమరిది ఇల్లు పెద్ద అంబర్‌పేట్‌లో. ‘అంబర్‌పేటా? చే నంబర్ దగ్గరేనా?’ అని అడగకండి. అది వేరు, ఇది వేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గర మెట్రో ఎక్కితే ఎల్బీనగర్‌లో దిగిపోవాలి. పట్టాలు అక్కడితో సరి. అక్కణ్ణుంచి బస్సో ఆటోనో పట్టుకుని విజయవాడ హైవే మీద వనస్థలిపురం, హయత్‌నగర్ దాటి, ఔటర్ రింగ్ రోడ్డు కనబడేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. వెళ్ళేసరికి ఆకలేస్తుంది. మా అత్తగారికి ఆ సంగతి తెలుసు. అందుకే గోంగూర పచ్చడి ముందే నూరి ఉంచుతారు.

ఆ గోంగూర పెరట్లోదే. వాడు డాలస్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేసొచ్చి నాలుగు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్నాడు. ముందు ఇల్లు, వెనక పెరడు. పట్టా వాడి పేరునే ఉన్నా పెరటిని ఏలేది మాత్రం మా అత్తగారే. గోంగూర, బచ్చలి, కరివేపాకు, ఓ మునగచెట్టు, మూలన ఓ వేపచెట్టు.

ఓ రోజు రాత్రి ఫోన్ చేశాడు. “బావా, పెరట్లో టర్ఫ్ వేయిస్తున్నా.”

టర్ఫ్ అనగానే నాకు మలక్‌పేట రేసుకోర్సే గుర్తొచ్చింది. “గుర్రాలెక్కడ కడతావురా?” అన్నాను.

“గుర్రాలు కాదు బావా. ప్లాస్టిక్ గడ్డి. క్రికెట్టు, ఫుట్‌బాలు, షటిలు ఏదైనా ఆడుకోవచ్చు. చుట్టూ వల, పైన లైట్లు. పిల్లాడి కోసం.”

పిల్లాడంటే మా మేనల్లుడు. పదకొండేళ్ళు. ఫోన్లో క్రికెట్ ఆడతాడు. ఫోన్లో వాడికి డబుల్ సెంచరీలు ఓ లెక్క కాదు. డాబా మీదికి నాలుగు మెట్లెక్కితే మాత్రం ఆయాసం. వాణ్ణి తప్పు పట్టలేం. ఇల్లు కట్టిన కొత్తలో చుట్టూ అన్నీ ఖాళీ ప్లాట్లే. ఒక్కో ప్లాటూ ఒక్కో స్టేడియం. సరిహద్దు రాళ్ళే వికెట్లు. ఏటా ఒక్కో స్టేడియంలో పునాది పడింది. ఇప్పుడు వీధిలో ఆడదామంటే బంతి ఎవరో ఒకరి కారుకి తగులుతుంది. అద్దెకిచ్చే టర్ఫులకేం కొదవ లేదు. ఎల్బీనగర్ నుంచి అటు ఏ వైపు వెళ్ళినా బాక్స్ క్రికెట్ బోర్డులే. గంటకి వెయ్యీ, పన్నెండొందలు. పదిమంది కుర్రాళ్ళు వేసుకుంటే తలా వందే. కానీ ఆరో తరగతి పిల్లాడు ఆ పదిమందిని ఎక్కణ్ణుంచి తేవాలి? హైవే ఎలా దాటాలి?

కాబట్టి ఆలోచన మంచిదే. ఆలోచన మంచిదైనంత మాత్రాన పని మంచిగా అవుతుందని లేదు కదా. అదే చెప్పబోతున్నాను.

* * *

మొదటి గొడవ మా అత్తగారితో.

“అన్నం పెట్టే నేలమీద ప్లాస్టిక్ పరుస్తావుట్రా?” అన్నారావిడ.

“మార్కెట్లో కట్ట పది రూపాయలమ్మా గోంగూర” అన్నాడు వాడు. అనకూడని మాట. రెండ్రోజులు ఆ ఇంట్లో పచ్చళ్ళన్నీ బంద్. చివరికి మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య, రాజీ కుదిర్చింది. దక్షిణం గోడ పొడుగునా మూడడుగుల మడి అత్తగారిది. మిగతాది మనవడిది. వేపచెట్టు జోలికెవరూ వెళ్ళకూడదు. “చెట్టు ఉంటే ఆకు రాలుతుంది సార్, కొట్టేద్దాం” అన్నాడు కాంట్రాక్టరు. చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలని, అందుకు 2002లోనే వాల్టా అని ఓ చట్టం వచ్చిందని నేను చెప్పాను. చట్టం కన్నా అత్తగారి చూపుకే అతను ఎక్కువ భయపడ్డాడనుకోండి.

టేపు పట్టుకుని కొలిచాం. షటిల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. మాకు అటూ ఇటూ కాస్త కలిపి 44కి 22 వచ్చింది. పిల్లల బాక్స్ క్రికెట్‌కి అది చాలు.

ఇంతకీ ఈ ప్లాస్టిక్ గడ్డికి పేరొచ్చింది ఎక్కడంటే, మా బావమరిది ఉండొచ్చిన టెక్సాస్‌లోనే. 1965లో హ్యూస్టన్‌లో పైకప్పున్న పెద్ద బేస్‌బాల్ స్టేడియం కట్టారు. పేరు ఆస్ట్రోడోమ్. ఎండ కోసం పైన పారదర్శకమైన పలకలు పెట్టారు. ఆ వెలుతురుకి ఆటగాళ్ళ కళ్ళు బైర్లు కమ్మి, గాల్లో బంతి కనబడలేదు. సరే అని పలకలకి రంగు పూశారు. బంతి కనబడింది గానీ ఎండ లేక గడ్డి చచ్చిపోయింది. మర్నాడేడు, 1966లో, అక్కడ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆ స్టేడియం పేరుమీదే దానికి ఆస్ట్రోటర్ఫ్ అని పేరొచ్చింది.

ఆ గడ్డి మనకి మిగిల్చిన బాధ మీకు గుర్తుండే ఉంటుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ మొదటిసారి దానిమీద ఆడించారు. 1928 నుంచి ఏ ఒలింపిక్స్‌లోనూ పతకం లేకుండా తిరిగిరాని మన జట్టు, ఆ ఏడు ఏడో స్థానంతో వచ్చింది. మట్టిమీదా పచ్చికమీదా నేర్చుకున్న కర్రపని ఆ నున్నటి నేలమీద చెల్లలేదని పెద్దలు ఇప్పటికీ అంటుంటారు. 1980లో మాస్కోలో స్వర్ణం వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పతకం చూడటానికి 2021లో టోక్యో దాకా ఆగాల్సొచ్చింది.

అలాగని గ్రౌండు బాగుంటేనే ఆట వస్తుందనీ కాదు. మన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. వాళ్ళకి నేర్పిన రహీమ్ సాబే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణం తెచ్చిపెట్టారు. అప్పటికి ప్లాస్టిక్ గడ్డి ఇంకా మైదానాల్లోకి రానేలేదు.

ఈ చరిత్రంతా బావమరిదికి చెప్పాను. వాడు “బావా, నువ్వు టేపు ఆ చివర పట్టుకో” అన్నాడు.

* * *

కాంట్రాక్టరు ఓ సంచినిండా గడ్డి ముక్కలు తెచ్చి సోఫా మీద పరిచాడు, చీరల కొట్లోలాగా. ఇక్కడ మీరు జాగ్రత్తగా వినండి. బాల్కనీల్లో పరిచే గడ్డి వేరు, ఆటలకు పరిచే గడ్డి వేరు. చూడ్డానికి బాల్కనీ గడ్డే అందంగా ఉంటుంది, మెత్తగా పట్టుకుచ్చులా. నాలుగు నెలలు దానిమీద పిల్లలు పరిగెత్తితే నీళ్ళు తాగిన కోడిపిల్లలా తల వాల్చేస్తుంది. ఆటల గడ్డి కాస్త బిరుసు. ఫుట్‌బాల్‌కి పొడుగు పోచ కావాలి, 50 మిల్లీమీటర్ల దాకా. ఆ పోచలు నిలబడటానికి మధ్యలో ఇసుక, దానిమీద రబ్బరు గుళికలు పోస్తారు. టెన్నిస్‌లాగా బంతి చక్కగా లేవాల్సిన ఆటలకైతే పొట్టి పోచ, 10 నుంచి 20 మిల్లీమీటర్లు, మధ్యలో ఇసుక మాత్రమే. అన్ని ఆటలూ ఒక్కదానిమీదే ఆడాలంటే ఏదో ఒక ఆటకి కొంచెం అన్యాయం జరగక తప్పదు. మావాడు క్రికెట్ వైపు మొగ్గాడు.

రబ్బరు గుళికలు వద్దని నేను పట్టుబట్టాను. అవి చెప్పుల్లో, జేబుల్లో చేరి ఇల్లంతా తిరుగుతాయి, వానకి కాలవల్లోకి పోతాయి. యూరప్ దేశాలు 2023లోనే వాటిమీద నిబంధన తెచ్చాయి. ఎనిమిదేళ్ళు గడువిచ్చి 2031 తర్వాత అక్కడ అమ్మకూడదన్నాయి. మా అత్తగారి బచ్చలి మడి మూడడుగుల దూరంలో ఉంది మరి. ఇసుకతో సరిపెట్టాం.

గడ్డి చుట్టలు చుట్టలుగా వస్తుంది. రెండు చుట్టలు కలిసే చోట కింద పట్టీ వేసి జిగురుతో అతుకుతారు. ఆ అతుకు సరిగ్గా లేకపోతే మొదట లేచేది అక్కడే, పిల్లల కాలికి తట్టుకునేదీ అక్కడే. రెండు చుట్టల పోచలూ ఒకే వైపుకి వాలేలా పరవాలి. లేకపోతే ఒకే పెరట్లో రెండు రంగులు కనిపిస్తాయి. ఇవన్నీ మా బావమరిది బాగానే చూసుకున్నాడు. ఇంజినీరు కదా, పైన కనబడేవన్నీ చూశాడు.

కింద చూడలేదు.

“కింద కంకర వేసి, రోలర్ తిప్పి, డస్ట్ పరిచి... అదంతా పదిహేను రోజుల పని సార్. సిమెంటు బెడ్డు వేసేద్దాం. మూడ్రోజుల్లో గట్టిపడుతుంది. వాటం నేను చూసుకుంటా” అన్నాడు కాంట్రాక్టరు. వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. మావాడు సరేనన్నాడు. గోడ నుంచి గోడ దాకా సిమెంటు పోశారు. ఇల్లు కట్టినప్పుడు తవ్విన ఇంకుడు గుంత ఆ మూలే ఉండేది. దానిమీదా పోసేశారు. ఆ పైన గడ్డి. గడ్డి చుట్టూ ఇనుప స్తంభాలు, వల, నాలుగు లైట్లు. లెక్క మూడు లక్షల చిల్లర తేలింది.

ఏప్రిల్లో ప్రారంభోత్సవం. మా అత్తగారు కొబ్బరికాయ కొట్టారు. నేను మొదటి బంతికే అవుటయ్యాను. పెరడు ఎంత పచ్చగా ఉందంటే వేపచెట్టు కూడా దాని పక్కన వెలవెలబోయింది.

* * *

ఆ పచ్చదనం సంగతి మే నెలలో తెలిసింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చెప్పుల్లేకుండా దిగిన పిల్లాడు కెవ్వుమని గెంతుకుంటూ లోపలికొచ్చాడు. మావాడు వేడి కొలిచే పరికరం తెచ్చి చూశాడు. గడ్డిమీద 64 డిగ్రీలు. పక్కనే వేపచెట్టు నీడలో మట్టిమీద 38. బతికున్న గడ్డి వేళ్ళతో తాగిన నీళ్ళని ఆకులనుంచి ఆవిరి చేసి తన ఒళ్ళు తను చల్లబరుచుకుంటుంది. ప్లాస్టిక్‌కి ఆ విద్య తెలీదు. పైపుతో నీళ్ళు చల్లితే చల్లబడింది గానీ అరగంటలో మళ్ళీ మొదటికొచ్చింది. అసలే వేసవిలో బోరు మూలుగుతున్న రోజులు. నీళ్ళు పోయక్కర్లేదనే కదా ఈ గడ్డి వేసింది! ఆఖరికి నియమం పెట్టారు. వేసవిలో పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత. మధ్యలో ఎవరూ దిగకూడదు.

అందుకే పెద్ద ఆటలవాళ్ళు ఇప్పటికీ అసలు గడ్డివైపే మొగ్గుతారు. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి ప్రతి స్టేడియంలోనూ సహజమైన పచ్చిక ఉండాల్సిందేనని ఫిఫా షరతు పెట్టింది. ప్లాస్టిక్ గడ్డికి పేరొచ్చిన హ్యూస్టన్‌తో సహా! అయితే మన పెరట్లో గరిక పెంచి దానిమీద రోజూ పదిమంది పిల్లల్ని ఉరకనిస్తే రెండు నెలల్లో బురదో దుమ్మో మిగులుతుంది. కాబట్టి ప్లాస్టిక్ తప్పని నేననను. వేళ చూసి వాడుకోవాలంటాను.

ఎండ గొడవ ఇంట్లోదే. వాన గొడవ ఇల్లు దాటింది.

జూన్‌లో ఓ రాత్రి గట్టి వాన. తెల్లారి ఆరింటికి పక్కింటి మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన ఇల్లు ఆ వీధిలో అందరికన్నా ముందు కట్టింది. తర్వాత కట్టినవాళ్ళంతా మట్టి పోసి ఎత్తు పెంచుకుంటే ఆయనది పల్లమైపోయింది. లుంగీ మోకాళ్ళదాకా తడిసి ఉంది.

“ఏం సారూ, మీ గడ్డి మంచిగున్నది. నీళ్ళు మాత్రం మా ఇంట్లకొచ్చినయి” అన్నారు. కేకలేమీ వెయ్యలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

వెళ్ళి చూస్తే వెనక గదిలో పాదం మునిగే నీళ్ళు. కింది అరలో పెట్టుకున్న పుస్తకాలు, ఆయన ముప్ఫై ఏళ్ళ పాఠాల నోట్సులు, ఉబ్బి ఉన్నాయి. ఆయన భార్య మంచం మీద కూర్చుని ఒక్కో కాగితం విడదీస్తున్నారు. హయత్‌నగర్ చుట్టుపక్కలవాళ్ళకి రాత్రి వానంటే ఊరికే భయం కాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి హయత్‌నగర్‌లో దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. మా సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో పడవలు తిరిగాయి. ఆ రాత్రి కూడా తన ఇంట్లోకి చుక్క రాలేదన్నారు మాస్టారు. అప్పుడు మావాడి పెరడు మట్టినేల.

మా బావమరిది కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు. “వాటం పర్‌ఫెక్టుగా ఉంది సార్, మీ గ్రౌండులో చుక్క నిలిచిందా చెప్పండి” అన్నాడతను. నిజమే, నిలవలేదు. వాటమంతా మాస్టారి గోడవైపే ఉంది మరి! అతను మళ్ళీ ఫోనెత్తలేదు.

మాస్టారు మాత్రం ఓ కాగితం తీసి లెక్క వేసి చూపించారు. లెక్కల మాస్టారు కదా. “మీ గ్రౌండు 44 ఇంటూ 22, తొమ్మిదివందల అరవై ఎనిమిది చదరపు అడుగులు. అంటే తొంభై చదరపు మీటర్లు. దానిమీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొమ్మిదివందల లీటర్లు. రాత్రి అయిదు సెంటీమీటర్లు పడ్డదనుకుందాం. నాలుగువేల అయిదొందల లీటర్లు. ఒక ట్యాంకరు. ఇదివరకు ఆ ట్యాంకర్ని మీ మట్టి తాగేది. ఇప్పుడు నా ఇల్లు తాగుతున్నది.”

2020లో పడ్డంత వాన మళ్ళీ పడితే ఆ లెక్కన ఇరవై ఏడు వేల లీటర్లు. అయిదు ట్యాంకర్లకి పైనే. మావాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళలేదు.

* * *

వారం తిరక్కుండా గడ్డి చుట్టేశారు. ఇసుక దులిపి, అతుకులు కోసి, జాగ్రత్తగా. సిమెంటు పగలగొట్టారు. ఈసారి కాంట్రాక్టరు కాదు, హయత్‌నగర్ అడ్డామీద నుంచి ఓ పెద్ద మేస్త్రీ వచ్చాడు. ఆయన మొదట అడిగిన మాట “గడ్డి ఏ రకం?” అని కాదు. “వానొస్తే నీళ్ళు యాడికి పోవాలె?” అని.

మీరెవరైనా ఈ పని తలపెడితే ఆయన చేసింది చెబుతాను, రాసి పెట్టుకోండి. తొమ్మిది అంగుళాలు తవ్వాడు. అడుగున నీళ్ళని వదిలి మట్టిని ఆపే గుడ్డ పరిచాడు. దానిమీద 40 ఎం.ఎం. కంకర ఓ అయిదారు అంగుళాలు, ఆపైన 20 ఎం.ఎం. కంకర రెండంగుళాలు, ఆపైన క్రషర్ డస్ట్ ఓ అంగుళం. ప్రతి వరసకీ నీళ్ళు చల్లి రోలర్ తిప్పాడు. ఇక్కడ తొందరపడితే ఆర్నెల్లకి గ్రౌండులో గుంటలు పడతాయన్నాడు. వాటం నూటికి ఒకటి. అంటే 22 అడుగుల వెడల్పుకి రెండున్నర అంగుళాలు చాలు, కంటికి తెలీదు. ఆ వాటం మాస్టారి గోడవైపు కాదు, ఎదురు వైపుకి. ఆ వైపు పొడుగునా చిల్లులున్న పైపు. పైపు చివర కొత్త ఇంకుడు గుంత, పొడవూ వెడల్పూ అయిదడుగులు, లోతు ఆరడుగులు, కంకరా ఇసకా నింపి. గుంత నిండితే పొంగి వీధి కాలవలోకి పోయే దారి వేరే. ఆటల గడ్డికి అడుగున చిన్న చిల్లులుంటాయి. అవి ఎందుకున్నాయో మాకు అప్పుడర్థమైంది. కింద సిమెంటు పోసేస్తే ఆ చిల్లులు ఎవర్ని ఉద్ధరించడానికి?

ఇదంతా అయ్యేసరికి మరో తొంభై వేలు. పదిహేను రోజులు మిగుల్చుకుందామని పోగొట్టుకున్నది అది. మాస్టారి గదికి సున్నం మావాడే వేయించాడు. పుస్తకాల బీరువా కొనిస్తానంటే ఆయన వద్దన్నారు. నోట్సులు బీరువాతో తిరిగిరావు కదా. ఇద్దరి మధ్యా మాటలున్నాయి గానీ ముక్తసరి మాటలే. గోడ అవతల పడ్డ బంతులు మాత్రం తిరిగి రావడం మానేశాయి. అడగడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

ఆ తర్వాత వాన మళ్ళీ పడింది, జులైలో, మొదటిసారి కన్నా గట్టిగా. మావాడు రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. గోడకి అవతల కూడా ఓ టార్చిలైటు వెలిగింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదట. అరగంట చూసి, చుక్క రాలేదని తేల్చుకుని, రెండు లైట్లూ ఆరిపోయాయట.

* * *

సరే, గ్రౌండు బాగుపడింది. ఆట?

ఆగస్టులో ఓ ఆదివారం వెళ్ళాను. గ్రౌండు తళతళలాడుతోంది. మా అత్తగారు చీపురుతో వేపాకు ఊడుస్తున్నారు. ప్లాస్టిక్ గడ్డికీ ఊడ్పు తప్పదు. ఆకు కుళ్ళితే చిల్లులు పూడుకుపోతాయి. మా మేనల్లుడు అరుగుమీద కూర్చుని ఫోన్లో క్రికెట్ ఆడుతున్నాడు. నాలుగు లక్షల గ్రౌండు పక్కన కూర్చుని!

“ఏరా, ఆడుకోవా?”

“ఎవరితో మామయ్యా?”

నాకు నోట మాట రాలేదు. వాళ్ళ నాన్న మొదటి నెల బౌలింగ్ వేశాడు. తర్వాత ఆఫీసులో పని పెరిగింది. నానమ్మ ఓ రెండు బంతులు వేసి నడుం పట్టుకున్నారు. గడ్డి కొన్నాం, వల కొన్నాం, లైట్లు కొన్నాం. రెండో జట్టుని కొనడం ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పటికే వల బయట నాలుగు ముఖాలు కనిపిస్తున్నాయి. వీధిలోవాళ్ళే. ఇస్త్రీ బండాయన కొడుకు, కొత్తగా కడుతున్న ఇంటి వాచ్‌మన్ కూతురు, ఎదురింటి కవలలు. రోజూ వచ్చి చూసి పోతారట.

“పిలవచ్చుగా?” అన్నాను చెల్లెమ్మతో.

“అదే భయం అన్నయ్యా. ఎవరికైనా దెబ్బ తగిలితే? కిటికీ అద్దాలు పగిలితే? ఒకసారి తీస్తే మళ్ళీ గేటు వెయ్యగలమా?” అంది. ఆ భయం ఉత్తదేం కాదు. అప్పటికే ఓ దెబ్బ తిన్నవాళ్ళు.

మా అత్తగారు చీపురు గోడకి ఆనించి అన్నారు. “నా గోంగూర పీకి వేశారుగా ఈ గడ్డి. కనీసం పిల్లలైనా మొలవనీండి.”

ఆ సాయంత్రమే గేటు తీశారు. ఊరికే తియ్యలేదు, నియమాలు గోడకి అంటించి మరీ. సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర. లైట్లు ఏడున్నరకి బంద్, చుట్టుపక్కలవాళ్ళు టీవీ చూసుకోవాలి, ముసలివాళ్ళు పడుకోవాలి. రబ్బరు బంతి మాత్రమే. చెప్పులూ బూట్లూ బయట దులుపుకోవాలి. పరీక్షలప్పుడు సెలవు. దెబ్బ తగిలితే కట్టు కట్టే డబ్బా అరుగుమీద.

వాచ్‌మన్ కూతురు వేసిన మొదటి ఓవర్లోనే మావాడి వికెట్ ఎగిరింది. ఫోన్లో డబుల్ సెంచరీలు కొట్టినవాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. “ఇంకోసారి వెయ్” అన్నాడు. ఇప్పుడు రోజూ ఆ పిల్ల బౌలింగ్‌కి ఎదురు చూస్తాడు. ఫోను అరుగుమీదే ఉంటుంది, స్కోరు రాసుకోవడానికి.

అన్నీ సజావుగా ఉన్నాయని చెప్పను. ఓ కిటికీ అద్దం పోయింది. కవలలిద్దరూ రెండుసార్లు కొట్టుకున్నారు. ఈ గడ్డి ఎనిమిదేళ్ళో పదేళ్ళో ఉంటుంది. అప్పుడు చుట్ట చుట్టి ఎక్కడ పారెయ్యాలో నాకు ఇప్పటికీ దిగులే. అది మట్టిలో కలిసే రకం కాదు. కానీ అప్పటికి మా మేనల్లుడు కాలేజీకొస్తాడు. వాడికి ఆ ఊళ్ళో నలుగురు స్నేహితులుంటారు.

మీరూ పెరట్లో గ్రౌండు వేయించుకోవాలనుకుంటే హాయిగా వేయించుకోండి. గడ్డి ముక్కలు చూడ్డానికి ముందు మాత్రం వాన పడేప్పుడు ఓసారి పెరట్లో నిలబడి నీళ్ళెటు పోతున్నాయో చూడండి. గోడ అవతల ఎవరున్నారో చూడండి. ఆడటానికి ఎవరొస్తారో ముందే అనుకోండి. ఈ మూడూ అయ్యాక, పోచ ఎంత పొడవన్నది పెద్ద విషయమేం కాదు.

అన్నట్టు, మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు గోడమీద ఓ సంచి కనిపించింది. విప్పి చూస్తే బంతులు. మేనల్లుడు లెక్కపెట్టాడు. పద్నాలుగు. సంచిలో ఓ కాగితం ముక్క కూడా ఉంది, ఉబ్బి ఆరిన నోట్సులోంచి చింపినది. దానిమీద గుండ్రటి అక్షరాలతో రాసుంది.

“మొత్తం పదిహేను. ఒకటి మా మనవడి కోసం ఉంచుకున్న. సెలవులకు వస్తున్నడు. ఆడనిస్తరా?”